పానా గుర్తు లైటు

అక్కకి కిడ్నీలు పాడయ్యాకే మా ఇంటికి కారు వచ్చింది. నాగాయలంకలో నాది చిన్న టైలరింగ్ షాపు. మా ఆయన రొయ్యల చెరువులు చూసుకుంటారు. బావగారు పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. వారానికి రెండుసార్లు తనకి బందరు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. మొదట్లో బస్సులో తీసుకెళ్ళేదాన్ని. వెళ్ళేటప్పుడు ఎలాగో ఓర్చుకునేది గానీ, తిరుగు ప్రయాణంలో ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఒకసారి సీటు దొరక్క బస్సు మెట్ల మీదే కూలబడిపోయింది. ఆ సంగతి విన్నాక మా ఆయన గుడివాడ వెళ్ళి, ఎవరో చాలా ఏళ్ళు వాడిన డీజిల్ కారు ఒకటి కొనుక్కొచ్చారు. చెరువులు వదిలి ఆయన రాలేరు. అందుకని డ్రైవింగ్ నేనే నేర్చుకున్నాను.

కారు వచ్చిన కొన్ని నెలలకి డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు లైటు వెలగడం మొదలైంది. పానా బొమ్మలా ఉంటుంది. ముందు చూసింది అక్కే. అదేమిటని అడిగింది. నాకూ తెలియదు. అవనిగడ్డలో మెకానిక్‌కి చూపిస్తే భయపడాల్సిందేమీ లేదన్నాడు. ఇన్ని కిలోమీటర్లు తిరిగాక సర్వీసు చేయించమని గుర్తు చేసే లైటట అది. ఆయిలూ ఫిల్టరూ మార్చాలి, ఈ పాత మోడల్‌కి ఫిల్టరు ఇక్కడ దొరకదు, గుడివాడ నుంచి తెప్పిస్తాను, వచ్చాక ఒకరోజు బండి వదిలి వెళ్ళండి అని చెప్పాడు.

నేను నిశ్చింతగానే ఉన్నాను. అక్క మాత్రం ఉండలేకపోయింది. కారెక్కిన దగ్గర నుంచి దిగేదాకా తన కళ్ళు ఆ లైటు మీదే. ఇది ఇంకా ఆరలేదేమే అని మోపిదేవిలో ఒకసారి, చల్లపల్లిలో ఒకసారి అడిగేది. చివరికి ఒకరోజు నుదుటి మీద బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటించేసింది. కనపడకపోతే అడగను కదా అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఫిల్టరు వచ్చేలోపు వానలు పట్టుకున్నాయి. రోడ్డు మీదికి నీళ్ళొచ్చి, అక్కకి ఒక డయాలసిస్ తప్పిపోయింది. మర్నాటికే పాదాలు ఉబ్బాయి. ఆ పై రోజు పడుకుంటే ఊపిరాడక, గోడకి దిండు వేసుకుని కూర్చునే ఉంది. తెల్లవారేసరికి వాన తెరిపిచ్చింది. నీళ్ళు తీశాయని తెలియగానే బయల్దేరాం. వస్తున్నామని ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వెంటనే తీసుకొచ్చేయండి, మిషన్ మీకోసం ఖాళీగా ఉంచుతాం అన్నారు.

అక్క ముందు సీట్లో రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించి, ముందుకి వంగి కూర్చుంది. మాట్లాడటం లేదు. మధ్యమధ్యలో పొడిదగ్గు. గుంతలు వచ్చినప్పుడు కారు నెమ్మది చేస్తే ఆలస్యమవుతుందని భయం, చేయకపోతే ఆ కుదుపుకి తనేమైపోతుందోనని భయం.

మోపిదేవి దాటాక ఒక మలుపులో డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఏదో వెలిగి ఆరింది. మొదట నా భ్రమేమో అనుకున్నాను. ఇంకాస్త దూరం వెళ్ళాక గేదెలు అడ్డొచ్చి బ్రేకు వేశాను. మళ్ళీ వెలిగింది. ఈసారి వెంటనే ఆరలేదు. నూనె డబ్బా బొమ్మ. డ్రైవింగ్ నేర్పినాయన మొదటిరోజే చెప్పిన మాట గుర్తొచ్చింది. పసుపు లైట్లయితే ఇంటికి వెళ్ళి చూసుకోవచ్చు, ఎర్రగా ఇది వెలిగితే మాత్రం ఉన్నచోటే ఇంజన్ ఆపెయ్యాలి అని.

ఆపితే అక్క గతేమిటి? చల్లపల్లి ఎంతో దూరం లేదు. అక్కడిదాకా ఎలాగో లాగిద్దామా అనుకుంటూ కాలు యాక్సిలేటరు మీదే ఉంచాను. ఇంజన్లో సన్నగా టకటకమని కొత్త చప్పుడు వినిపిస్తోంది.

అక్క కొంచెం తలెత్తి ముందుకి చూసి, నా మోచేయి పట్టుకుంది.

"ఆపెయ్యవే. చేల మధ్యలో ఇది మొత్తానికి ఆగిపోతే ఎవరూ దొరకరు. అక్కడ బడ్డీ కొట్టుంది, మనుషులున్నారు. ఆపు."

నేను రోడ్డు చూస్తున్నాను. తను మనుషుల్ని చూసింది. కొట్టు పక్కన ఆపి ఇంజన్ కట్టేశాను.

బానెట్ ఎత్తి, ఆయిల్ ఎంతుందో చూసే ఇనుప పుల్ల పైకి లాగాను. తుడిచి ముంచి మళ్ళీ తీశాను. కొసన కూడా తడి లేదు. కొట్టాయన వంగి చూసి, బండి కింద చుక్కలు పడుతున్నాయమ్మా అన్నాడు. తన దగ్గర ఆయిల్ లేదట. చల్లపల్లి నుంచి తేవాలట. తెచ్చి పోసినా కారిపోయే బండి ఎంత దూరం వెళ్తుందో ఎవరికి తెలుసు? అంబులెన్సుకి ఫోన్ చేశాను. దగ్గర్లో ఉన్నది వేరే రోగిని తీసుకెళ్తోందని, ఇంకోటి రావడానికి కొంచెం సేపు పడుతుందని చెప్పారు. అటుగా ఒక బస్సు వచ్చింది. అక్కని లేపబోతే, కాలు కింద పెట్టి మళ్ళీ సీట్లోకి ఒరిగిపోయింది. పెదవుల రంగు మారింది. బస్సు వెళ్ళిపోయింది.

నేను రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు వచ్చింది చేపల వ్యాను. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. అవనిగడ్డలో చేపలు దింపేసి, ఖాళీ ట్రేలతో బందరు అవతల గిలకలదిండి హార్బరుకి తిరిగి వెళ్తున్నారు. నేను చెప్పేది పూర్తిగా వినకుండానే ఆవిడ దిగి, అక్క ఉన్న తలుపు తీసింది.

"నేను చంకల కింద పట్టుకుంటాను, మీరు కాళ్ళు పట్టండి. ముందు సీట్లో కూర్చోబెడదాం. మనిద్దరం వెనకెక్కుదాం" అంది.

వెనక ట్రేల మధ్య మంచునీళ్ళు కారుతున్నాయి. కడ్డీలు పట్టుకుని, క్యాబిన్ వెనక చిన్న అద్దంలోంచి అక్క తలనే చూస్తూ కూర్చున్నాను. వ్యాను కుదిపినప్పుడల్లా ఆ తల పక్కకి వాలేది. స్పృహ ఉందో లేదో తెలిసేది కాదు. ఆవిడ నా అవస్థ చూసి, వేలితో అద్దం మీద కొట్టింది. లోపల అక్క చెయ్యి కొంచెం పైకి లేచింది. ఇక దారి పొడవునా అదే. ఆవిడ కొట్టడం, అక్క చెయ్యెత్తడం. బందరు ఊళ్ళోకి వచ్చాక ఒకసారి కొడితే చెయ్యి లేవలేదు. ఆవిడ రెండోసారి గట్టిగా కొట్టింది. అప్పుడు కూడా లేవలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నా చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆసుపత్రి గేటు దగ్గరికే స్ట్రెచర్ తెచ్చారు. అక్క కళ్ళు సగం మూసి ఉన్నాయి. లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. నేను వెనక్కి తిరిగేసరికి వ్యాను వెళ్ళిపోతోంది. పేరైనా అడగలేదు.

ఎంతసేపటికో డాక్టరుగారు బయటికి వచ్చి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది, మిషన్ మీద పెట్టాం, ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది, ఇంకొంచెం ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి అన్నారు. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడే తెలిసింది.

సాయంత్రం అక్కని చూడనిచ్చారు. పెదవులకి రంగు వచ్చింది. ముందు కారు గురించి అడిగింది. మా ఆయన మెకానిక్‌ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారని చెప్పాను. ఇంజన్ కింద ఆయిల్ దింపే బోల్టు దగ్గర కారిందట. వెంటనే ఆపారు కాబట్టి ఇంజన్ దక్కిందట.

అక్క నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"ఆ పసుపు లైటుని చూసినప్పుడల్లా నా భయం కారు గురించి కాదే. కారు పాడైతే నీకు విసుగొస్తుందేమో, ఇక నావల్ల కాదంటావేమో అని" అంది.

మంచం అంచున కూర్చుని తన కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాను. వాపు దిగుతోంది. అలాగే నిద్రపోయింది.

ఫిల్టరు వచ్చింది. ఆయిల్ మార్చి, బోల్టు బిగించి, మెకానిక్ పానా గుర్తు లైటు కూడా ఆర్పేశాడు. ఆ తర్వాత బందరు వెళ్ళినప్పుడు, డయాలసిస్‌కి ముందే గిలకలదిండి పోనిచ్చాను. హార్బరులో వేలంపాట జోరుగా సాగుతోంది. ఆ వ్యాను కోసం వెతుకుతుంటే, చేపల ట్రేల మధ్య నుంచి ఆవిడే మమ్మల్ని చూసింది. నన్ను పలకరించకుండా తిన్నగా కారు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి లోపలికి వంగింది.

"ఊపిరాడుతుందా అక్కా?"

"ఆడుతుందమ్మా" అంది అక్క.

అక్క ఆవిడ చేతులు పట్టుకుంది. చేపల తడితో ఉన్నాయని ఆవిడ వెనక్కి తీసుకోబోతే, వదల్లేదు. అటు వేలంపాటలో ఆవిడ సరుకు వంతు వచ్చింది. భర్త కేకేస్తున్నాడు. వస్తున్నానని అరిచి చెప్పింది గానీ, ఇంకొంచెం సేపు అలాగే కిటికీ దగ్గర నిలబడింది.