అవ్వ పులుసు కుండ

తొంభై ఆరేళ్లు బతికిన మా అవ్వ జ్ఞాపకార్థ కూడిక భోజనాల్లో చేపల పులుసు పొగలు కక్కుతూ ఆకులోకి వచ్చింది. చూడగానే ఒళ్లు మండింది.

నా ఏడో ఏట ఒకరోజు అవ్వ పులుసు దించి మూతపెట్టి, కుండ పక్కనే కాపలా కూర్చుంది. చెయ్యి చాస్తే గరిటెతో వేళ్ల మీద కొట్టింది.

"రేప్పొద్దున తిందువులే. ఇప్పుడు ముట్టుకున్నావంటే చెయ్యి ఇరగ్గొడతా!"

కొడుకుల కోసమే దాస్తోందనుకుని, "నువ్వు సచ్చినాక ఏ రోజు పులుసు ఆ రోజే తింటా!" అని అరిచాను.

"అట్నే తిను" అంది అవ్వ.

ఇప్పుడు మా మేనత్త "వేడిగా ఉండాది, తినమ్మా" అంది.

"రాత్రంతా ఊరని పులుసు మనుషులు తింటారా? ముక్కకి పులుపెక్కొద్దా? ఈ ఇంట్లో ఒక్కరికీ బుద్ధి లేదు!" అని కసిరాను.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "అచ్చం మా అమ్మ తిట్టినట్టే ఉండాది" అంది.

ముద్ద ముట్టకుండా ఆకు మడిచాను. అవ్వ తినమనే చెప్పింది. నాకే తినబుద్ధి కాలేదు.