గాజు పట్టినంత కట్ట

పొద్దున్నే కొత్తిమీర కోస్తుంటే ఫోన్ మోగింది. పక్క చేను అక్క. "మన మేడం పోయిన్రే... నిద్రల్నే పానం పోయిందంట" అని ఏడ్చింది. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచక, వంగి ఇంకో గుప్పెడు కోశాను. కోసింది కోసినట్టే చేతిలో పట్టుకుని గట్టు మీద కూలబడ్డాను.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. చిన్న రైతులను పోగుచేసి, కలిసి పండించడం, కలిసి అమ్ముకోవడం నేర్పిన ట్రైనింగ్ మేడం. దూలపల్లి మనిషి. పాత స్కూటీ మీద శామీర్‌పేట చుట్టూ ఊళ్లన్నీ తిరిగేవారు. సంచిలో నీళ్ల సీసా, ఇన్ని వేయించిన పల్లీలు. ఉపన్యాసం మాత్రం ఎప్పుడూ ఇచ్చి ఎరగరు.

మొదటి మీటింగ్‌లో "మనం కంపెనీ పెట్టుకుందాం" అన్నారు. మా వైపు కంపెనీ అంటే దూలపల్లి ఫ్యాక్టరీల్లో డ్యూటీకి పోవడమే. "జీతమెంత మేడం? బండి ఇంటికాడికొస్తదా?" అని అడిగారు మావాళ్లు.

"జీతమిచ్చేటోళ్లు గూడ మీరే, తీస్కునేటోళ్లు గూడ మీరే."

"గట్లయితే ఇగ మునిగినట్టే!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే.

నాకు మాత్రం నవ్వు రాలేదు. భర్త పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఉన్నది ఇరవై గుంటల ఆకుకూరల చేను. తూంకుంట వైపు నుంచి ప్లాట్ల హద్దురాళ్లు మా గట్టు దాకా వచ్చేశాయి. మా మరిదిది రోజూ ఒకటే పాట: "ఒక్కదానివి ఏం జేస్తవ్ వదినా? అమ్మి పారేద్దాం." కట్టలు నెత్తిన పెట్టుకుని మార్కెట్‌కు పోతే దళారి చెప్పిందే ధర. ఈ కంపెనీ నడిస్తే చేను నిలుస్తుంది, లేకుంటే ప్లాట్లలో కలిసిపోతుంది. నా బతుకంతా దాని మీదే వేలాడుతోంది.

ఎలాగో కంపెనీ పెట్టుకుని, మొదటి లోడు బౌరంపేట్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి పంపాం. అక్కడి ఆడవాళ్లు లావు కట్టలన్నీ ఏరుకుని సన్నవి వదిలేశారు. ఇక తిరిగొచ్చే ఆటోలో యుద్ధమే. "నీ కట్ట సిటికెనేలంత లేదు, నా కట్టతోని సమానమా?" అని ఒకరు. "నీది కట్టనా, గడ్డిమోపా?" అని ఇంకొకరు. మళ్లీ కలిసి పంపేది లేదని ఒట్లు కూడా పడ్డాయి. కళ్ల ముందు మా మరిది మొహమే మెదిలింది.

మేడం ఎవరినీ తిట్టలేదు. "ఎవరి గుప్పెడు వాళ్లదే గద, కట్టలు ఒక్కతీరు యాడుంటయ్? రేపట్నుంచి గాజు పట్టినంత కట్టుండ్రి" అన్నారు.

మర్నాడు కూరలు పోగేసే మా షెడ్డులో అందరూ గాజు తీసి కట్టలు దూర్చారు. కట్టలు మళ్లీ రకరకాలుగానే ఉన్నాయి. ఎందుకుండవు? ఎవరి చేతి గాజు వాళ్లే తీశారాయె! బక్కదాని గాజు ఒక కొలత, బొద్దుదాని గాజు ఇంకో కొలత. "నా చెయ్యి లావున్నది, గది నా తప్పా?" అని పక్క చేను అక్క నడుం మీద చేయి పెట్టి అడిగేసరికి మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు.

నేను వెనక నిలబడి గుప్పెటతోనే కొలుచుకుంటున్నాను. భర్త పోయిన రోజునే నా గాజులు తీయించారు కదా. గాజు పట్టినంత అని అందరికీ చెప్తే, గాజే లేనిదాని సంగతేమిటి? ఈ గుంపులోనూ నేను కలవనన్నమాట, అనుకున్నాను.

మేడం అది చూశారు. తన రెండు చేతుల మెటల్ గాజులూ ఒక్కొక్కటే లాగి తలా ఒకటి పంచారు. "అయ్యో మేడం, సేతులు ఉత్తగ పెట్టద్దు!" అని ఆడవాళ్లు గోల పెట్టారు. ఆమె క్రైస్తవురాలు. "నా దేవుడు గాజులు లెక్కవెట్టడు తియ్యిండ్రి" అన్నారు. నా దగ్గరికొచ్చాక కాస్త గొంతు తగ్గించారు. "గిది సొమ్ము గాదు చెల్లె, కొలత. పట్టుకో."

పట్టుకున్నాను. ఆ రోజు కట్టలన్నీ ఒక్కచోట పోయించి, "ఏ కట్ట ఎవరు కట్టిన్రో జెప్పుండ్రి" అన్నారు. ఒక్కరూ చెప్పలేకపోయాం. "గుర్తువడుతలేవు గద? ఇగ ఇప్పుడు కంపెనీ అయిన్రు!" అన్నారు.

ఆ గాజు ఇంటికి తీసుకెళితే మా అత్త చూసి నానా మాటలూ అంది. అప్పటి నుంచి షెడ్డులో మేకుకే తగిలించి ఉంచేదాన్ని. పని వేళకు తీయడం, అయ్యాక తగిలించడం. ఒకరోజు మేడం అడిగారు, "సేతికేస్కోవా?"

"కొలత అన్నరు గద మేడం."

"సరే నీ ఇష్టం. గాని మేకుకు నీ అంత అందం లేదు" అని స్కూటీ ఎక్కి పోయారు. చచ్చేంత సిగ్గేసింది. అయినా ఆ పూటంతా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

కంపెనీ నడిచింది. మా మరిది ఒకసారి బ్రోకర్‌ను నేరుగా షెడ్డుకే తీసుకొచ్చాడు. నేను అలవాటుగా మేడం వైపు చూశాను. "నా దిక్కు సూస్తవేంది? భూమి నీది, నోరు గూడ నీదే" అన్నారు. చేను అమ్మనని బ్రోకర్ మొహం మీదే చెప్పాను. ఆ చేనులోనే ఇవాళ ఆ ఫోన్ అందుకున్నాను.

షెడ్డుకు వెళ్లేసరికి లోడు ఆపాలా వద్దా అని అందరూ గొడవపడుతున్నారు. "ఆకుకూర ఆగదు, మీరు గూడ ఆగద్దు" అనేది ఆమె మాటే. ముక్కులు ఎగబీల్చుకుంటూనే కట్టలు కట్టాం. బండి వెళ్లిపోయాక, గాజును మేకుకు తగిలించబోయి ఆగిపోయాను.

వేళ్లకు తొడిగాను. ఎక్కలేదు. పని చేసి చేసి చేతులు మొద్దుబారాయి. పక్క చేను అక్క దగ్గరికొచ్చి, నా వేళ్లు దగ్గరికి నొక్కిపట్టి, మెల్లగా ఎక్కించింది. మిగతావాళ్లు చూస్తూ నిలబడ్డారు.

మధ్యాహ్నం మేడ్చల్‌లో, చర్చి వాళ్ల సమాధుల తోటలో ఆమెను పడుకోబెట్టారు. తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. నా వంతు వచ్చి గుంత మీద చేయి చాచాను. పొద్దుటి కొత్తిమీర రెబ్బ ఒకటి గాజుకు అంటుకుని ఉందని అప్పుడే చూశాను. మన్నుతో పాటు అదీ లోపలికి జారిపోయింది.