మావగారి గోరు

మా మావగారి కుడి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఆయన. ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కాతోనే నన్ను వెంటేసుకుని, ఎర్రజెండాల ఊరేగింపులు దాటుకుని, పాత కారు సామాన్లమ్మే మల్లిక్ బజారుకి వెళ్లేవారు. భవానీపూర్‌లో ఒక వకీలుబాబుకి తాతలనాటి మోరిస్ కారు ఉండేది, దాన్ని బాగుచేసేది మావగారే. దాని ఇంజనుకి మొదట కంపెనీ బిగించిన రకం కార్బురేటరే వెయ్యాలని మావగారి పంతం.

దుకాణదారు ఏది చూపించినా, జిడ్డు కింద పోతపోసిన అంకెల్ని గోటితో గీకి చూసేవారు. "ఇది దాన్ది కాదు బాబూ" అని కింద పెట్టేసేవారు. రెండేళ్లకి బడ్జ్ బడ్జ్‌లో, ఎవరో పాత జూట్‌మిల్లు దొర షెడ్డులో అసలుది దొరికింది. స్వయంగా బిగించారు. అరిగిపోయిన ఒక మర తీసేసి కొత్త ఇత్తడిది వేశారు.

ఆర్నెల్ల తర్వాత అదే దుకాణంలో, గోనెపట్టా మీద ఆ ఇత్తడి మర మెరుస్తూ కనిపించింది.

"దాదా, నువ్వు వెతికే అసలుది వచ్చింది" అన్నాడు దుకాణదారు సంబరంగా. "వకీలుబాబు పెట్రోలు దండగని డీజిలు ఇంజను పెట్టించుకున్నాడు. పాతదంతా ఇక్కడికే తోలేశాడు."

మావగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అంకెల మీద చాలాసేపు గోటితో గీకారు. నేను నోరు తెరవబోయాను.

"ఏటి చూస్తన్నావు బాబూ, పద. ఇది దాన్ది కాదు."

మరుసటి ఆదివారం చర్చిలో రొట్టె అందుకోడానికి ఆయన చెయ్యి చాపారు. ఆ గోరు కండదాకా కత్తిరించేసి ఉంది.