కళ్లు మూసుకుని చీర చూసే కుళ్ళాయప్ప

ధర్మవరంలో పట్టుచీరను కళ్లు మూసుకుని చూసే మనిషి ఒక్కడే, మా కుళ్ళాయప్ప. దివాకర్ షావుకారు అంగడికి వచ్చే చీరలన్నీ ముందు అతని చేతికే పోవాలి. వేళ్లతో తడిమి నేతలో తప్పు పట్టేస్తాడు. నేసిందెవరో మాత్రం చెప్పకూడదు. చెప్పారా, ఆ చీర రేపటికి వాయిదా.

ఆ అలవాటు ముదిరి సంతలో వంకాయలు కూడా కళ్లు మూసుకునే ఏరేవాడు. ఒకసారి పక్కన కూర్చున్న ముసలాయన గుండు నొక్కి, ఇది ముదిరిపోయింది, వద్దన్నాడు. ఇంట్లో పెళ్లాం భద్రమ్మ ఏమన్నా అంటే, కళ్లు తెరిచి చూసుకున్నది నిన్నొక్కదాన్నే, అప్పటి నుంచే మూసుకున్నానంటాడు.

నా కొడుకు మారుతి బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. షావుకారుకు చెప్పకుండానే కోడలు హేమావతి మగ్గంలో కూర్చుంది. ఆడవాళ్లు కండెలు చుట్టుకోవాలే గానీ నేస్తే పోగు మీద దెబ్బ మెత్తగా పడి నేత వదులవుతుందని షావుకారు వాదన. చీర వద్దన్నాడంటే తర్వాతి పడుగు ఇంకో ఇంటికి పోతుంది, మా మగ్గం ఆగిపోతుంది.

చీర నేనే తీసుకుపోయాను. కుళ్ళాయప్ప కళ్లు మూసుకుని కొంగు దాకా తడిమి, దెబ్బ గట్టిగా పడిందన్నాడు. షావుకారు వంగి చూసి, మారుతి చేతికి తిరుగు లేదన్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"మారుతి చెయ్యి కట్టులో ఉండాదప్పా. నేసింది నా కోడలు."

అంతే. అప్పటిదాకా బాగున్న అంచు వంకరపోయింది, కొంగు వదులైపోయింది, షావుకారు కంటికి.

కుళ్ళాయప్ప కళ్లు తెరవలేదు. "వదులు యాడుండాదో నా వేలు పట్టుకోని చూపిచ్చు షావుకారీ. ముసిలోణ్ణి, నాకు తగల్లేదు."

ఆ వేలు పట్టుకుని షావుకారు చీరంతా తిప్పాడు. ఎక్కడా ఆపలేకపోయాడు. కొత్త పడుగు ఇవ్వక తప్పలేదు.

బయటికొచ్చాక కుళ్ళాయప్పను నిలదీశాను. పేరు చెప్పినా వాయిదా ఎందుకు వేయలేదని.

"నువ్వు చెప్పకముందే తెలుసక్కా. వాకిట్లోనే నీ మొగం చూస్తి."

"కళ్లు మూసుకోని ఎట్ల చూస్తివి?"

"రెండూ ఎప్పుడు మూసినా? ఈ పేటలో సగం చీరలు ఆడోళ్లు నేసేవే, పేరు మొగుళ్లది. పేరే రాకుంటే షావుకారు తప్పులు ఎతకడు. ఇరవై ఏండ్లు దాస్తి. ఒక్క మాటతో చెడగొడితివి కదక్కా."

చెడగొట్టినందుకు నాకేం బాధ లేదు. మరుసటి వారం ఎదురింటి పద్మప్రియ తను నేసిన చీర తనే తెచ్చి, షావుకారు ముందు పరిచి, పేరు గట్టిగా చెప్పింది. కుళ్ళాయప్ప చీరను ముట్టనే లేదు. రెండు కళ్లూ బాగా తెరుచుకుని షావుకారునే చూస్తూ కూర్చున్నాడు.