తవిటయ్య కండెం చేసిన డబ్బా

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తవిటయ్య ముప్ఫై నాలుగేళ్లు వ్యాగన్లు తనిఖీ చేశాడు. అడుగున దూరి చూసి, ఇక పనికిరాదనుకుంటే సుద్దతో అడ్డగీత కొట్టి ‘కండెం’ అని రాసేవాడు. కొట్టిన గీత ఒక్కటీ చెరపలేదు. ఆయన పరువంతా ఆ గీతే.

రిటైరై ఆ ఊళ్లోనే తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నాడు. నిరుడు వానలకు పెరటి గరికకు పురుగు పట్టింది. పగలు దుబ్బుల్లో దాక్కుని, పొద్దువాలితే మేత. నాలుగు రోజుల్లో పెరడు బోడిగుండయింది. భార్య జోగమ్మ మేకకు ఆ గరికే ఆధారం. ఆమె పక్కింటి కోళ్లను తోలుకొచ్చి వదిలింది. ఈలోగా తవిటయ్య ఎనిమిది పురుగుల్ని బిస్కెట్ డబ్బాలో దాచి, మట్టీ గరికా వేసి, పైన దోమతెర కట్టాడు.

“మేక కూడు తినేసినాటిని మేపుతావేటయ్యా?”

“ఆటి పనితనం సూడవే! అంచునుంచి కోసుకొస్తన్నాయి, పొల్లు కింద పడనీవు. ఏటవుతాయో సూడాల.”

జీవకారుణ్యం కాదు. పనివాడికి పనివాడు నచ్చాడు, అంతే. డబ్బా మీద, షాపుకొచ్చిన వ్యాగన్‌కు వేసినట్టే, తెల్ల పెయింటుతో ‘వచ్చిన తేదీ’ వేశాడు. ‘వెళ్లే తేదీ’ ఖాళీ.

“బ్రేకులు కూడా బిగించు మావా,” అన్నాడు టీకొచ్చిన ఉమాశంకర్, వర్క్‌షాపులో ఆయన శిష్యుడు.

పన్నెండో రోజు చూస్తే తెర చెక్కుచెదరలేదు, పురుగు మాత్రం ఒక్కటీ లేదు. చచ్చి మట్టిలో కలిశాయనుకుని తవిటయ్య డబ్బా మీద సుద్దతో అడ్డగీత కొట్టేశాడు. ఆ పూట టీ కూడా ముట్టలేదు.

మర్నాడు జోగమ్మ అదే డబ్బాలో ధనియాలు చల్లబోయి మట్టిలో వేలుపెట్టి కెవ్వుమంది.

“ఓలమ్మో! ఖర్జూరం గింజ కదుల్తంది!”

ఒకటి కాదు, ఎనిమిది. పురుగులే మట్టి అడుగుకు దూరి ప్యూపాలయ్యాయి. జీవితమంతా వ్యాగన్ల కింద దూరిన మనిషి డబ్బా అడుగు చూడలేదు! తవిటయ్య తెల్లబోయాడు, తర్వాత పకపకా నవ్వాడు. తెర మళ్లీ కట్టాడు. గీత మాత్రం ముట్టుకోలేదు. “బయటికొస్తే అప్పుడు సూద్దాం.”

ఆ తర్వాత తొమ్మిదో సాయంత్రం తెర కింద రెక్కలు టపటపలాడాయి. బూడిదరంగు చిమ్మటలు, ఎనిమిదికి ఎనిమిదీ. తవిటయ్య తువ్వాలు తడిపి గీత తుడిచేశాడు.

“గీత సెరిపేసినావేటి మావా!” ఉమాశంకర్ నోరు తెరిచాడు.

“అడుగు సూణ్ణేదురా. తప్పు నాదే. షాపులో అందరికీ సెప్పు.”

‘ఫిట్’ అని రాసి, ‘వెళ్లే తేదీ’ వేసి, తెర విప్పాడు. చిమ్మటలు వీధిదీపం వైపు లేచాయి.

“రేపు నా గరిక మీదే గుడ్లెడతాయి,” అంది జోగమ్మ.

“ఎట్టనీవే. ఇంకో డబ్బా ఉందా?”