బి సెక్షన్‌కు లెక్కల టీచరు

1978 జూన్‌లో రాజోలు తాలూకాలో, సఖినేటిపల్లి రేవుకు దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నన్ను లెక్కల అసిస్టెంటుగా వేశారు. బి.ఇడి. చదివి పై తరగతులకు చెప్పేవాళ్లను అప్పట్లో అలా పిలిచేవారు. లెక్కలకు మంజూరైన పోస్టులు రెండు. రెండోది ఖాళీ.

మా హెడ్మాస్టరుగారికి ర్యాంకుల పిచ్చి. ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను గానీ, అప్పుడు ఆయన చెప్పుల చప్పుడుకే స్టాఫ్‌రూమంతా లేచి నిలబడేది. పదో తరగతిలో తెలివైన పిల్లలను ఏరి ఏ సెక్షన్‌లో పెట్టి, నన్ను పూర్తిగా దానికే కేటాయించారు. బి సెక్షన్ లెక్కల పీరియడ్‌కు డ్రిల్లు మాస్టారు వెళ్లి, అల్లరి కాకుండా చూసేవారు. నెలనెలా పరీక్ష. ఏ సెక్షన్‌లో అందరికన్నా తక్కువ వచ్చిన పిల్ల పేరు ప్రార్థన దగ్గర చదివితే, సంచీ తీసుకుని అందరూ చూస్తుండగా బి వరుసలోకి నడవాలి. భయముంటేనే చదువు వస్తుందని ఆయన నమ్మకం.

సుగుణ ఏ సెక్షన్ పిల్ల. తండ్రి ఏసుపాదంగారు కొబ్బరికాయలు వలిచే కూలి. జామెట్రీలో నేను చెప్పిన దారి వదిలేసి ఆ అమ్మాయి రాసే రుజువు నా రుజువు కన్నా పొట్టిగా ఉండేది. అలాంటిది, పరీక్ష అనేసరికి బిగుసుకుపోయేది. ఆగస్టులో సగం పేపరు ఖాళీగా ఇచ్చింది. దిగేది తనేనని తరగతి అంతటికీ తెలిసిపోయింది.

పేరు చదవాల్సిన రోజు, గంట కొట్టకముందే ఏసుపాదంగారు ఆయాసపడుతూ వచ్చారు. "మా అమ్మాయి బడికి వచ్చిందాండీ? పొద్దున్నే వెళ్లిపోయిందండి, అన్నం కూడా తిన్లేదండి" అన్నారు. రాలేదని చెప్పి ఆయన వెంట బయల్దేరాను. గోదావరి వరద మీద ఉంది. ఎర్రనీరు రేవు మెట్లు ముంచేసింది, అవతలి ఒడ్డున ఉన్న నర్సాపురానికి జనాన్ని దాటించే పంటు ఆపేశారు. ఇద్దరం గట్టు వెంబడి నడిచాం. కొట్టుకొచ్చే ప్రతి అరటిబోదె దగ్గరా ఆగి, మనిషి కాదని తేల్చుకుని కదిలాం.

రేవు పాకలో సుగుణ, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. తండ్రి చెయ్యెత్తితే అడ్డం వెళ్లాను. అందరిలో పేరు చదువుతారని సిగ్గుపడి వచ్చేశావా అని అడిగాను.

"సిగ్గు కాదండి టీచరుగారూ. బి సెక్షన్‌లో నాకు లెక్కలు ఎవరు చెప్తారండి? నర్సాపురం బళ్లో చేర్చుకుంటారేమో అడుగుదామని వచ్చేనండి. పంటు లేదన్నారండి" అంది.

తిరిగొచ్చి హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్లాను. ఆయన నా మీద ఒక్క ముక్క పైకి రాస్తే ఏ మూలకో బదిలీ. ఏ సెక్షన్‌కు నేను అదనంగా చెప్పే పీరియడ్లు బి సెక్షన్‌కు ఇమ్మన్నాను. ర్యాంకు పోతే మీది పూచీనా అన్నారు. ఆ పిల్ల రేవు దాకా ఎందుకు వెళ్లిందో చెప్పాను. చివరికి టైంటేబులు మార్చడానికి ఒప్పుకున్నారు, పేరు చదవడం మాత్రం మాననన్నారు.

మర్నాడు సుగుణ పేరు చదివారు. సంచీ పట్టుకుని పక్క వరుసలోకి నడిచింది. మూడో పీరియడ్‌కు నేను బి సెక్షన్‌లో అడుగు పెట్టాను. పిల్లలు లేచి నిలబడ్డారు. ముందు బెంచీ అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఏ సెక్షన్ పక్క గదండి, టీచరుగారూ" అంది.

తెలివైన పిల్లలకు విడిగా సెక్షన్ పెట్టాలంటే ముందు దానికి విడిగా టీచరును వేయించుకోవాలి. పక్క గది టీచరును లాక్కుని నడిపితే, తెలివైన పిల్ల కూడా టీచరు లేని ఆ గదికి భయపడుతూనే చదవాలి.