పెంటమ్మ దండ వెయ్యని పటం

దయ్యాల కబుర్లు మొదలైతే మా కామాటిపుర చాల్‌లో, ఆ వరస గదుల్లో, నన్ను పక్కకు పొమ్మనేవారు. నాకు నమ్మకం తక్కువ, అనుమానం ఎక్కువ. పాలవాడి చెంబులో వేలు ముంచి చూసే రకం నేను. ఇప్పటికీ అంతే. అయినా ఒక్క సంగతి మాత్రం నా అనుమానానికి లొంగలేదు.

ఎనభైల మొదట్లో మా నాన్న తాపీపనికి దుబాయ్ వెళ్లాడు. కొన్నాళ్లు కబుర్లు వచ్చాయి, తరువాత ఆగిపోయాయి. ఉన్నాడో పోయాడో చెప్పేవాళ్లు లేరు. కర్మ చేయించి బొట్టు తీసెయ్యమని బంధువులు అమ్మను పోరుతుండేవారు. అమ్మ వినేది కాదు. నేను ఎటూ చెప్పలేక నలిగిపోయేదాన్ని.

ఒక వేసవి సెలవుల్లో అమ్మా నేనూ ఫోర్ట్ వైపు ఒక పాత బడికి సున్నం వేసే పనికి వెళ్లాం. బ్రిటిష్ వాళ్లు పెట్టిన బడి. హాల్లో గోడ పొడవునా అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల పటాలు. జడ్జీలు, డాక్టర్లు, సైన్యంలో పెద్ద హోదాల్లో చేసినవాళ్లు. ఎక్కువమంది దొరలే. పటాలు దించి తుడిచి, గోడ ఆరాక మళ్లీ తగిలించాం.

పని ముగిసిన రోజు మావాళ్లు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఆ రోజు బంతిపూలు మిగిలాయి. గోడ మీద పటం ఉందంటే ఆ మనిషి పోయినట్టే మాకు. ఆడవాళ్లంతా తలా ఒక దండ గుచ్చి ఒక్కో పటానికీ వేస్తూ పోయారు. బడి సారు చూసి నవ్వి, వీళ్లలో ఎవరూ మిగల్లేదులే, కానివ్వండి అన్నాడు.

మా పక్క గదిలో ఉండే పెంటమ్మ ఒక్క పటం దగ్గర ఆగిపోయింది. ఆమె మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ముసలామె, మాతోపాటే పని చేసేది. పటంలో ఉన్నది విమానం నడిపేవాళ్ల టోపీ పెట్టుకున్న కుర్రాడు.

"ఈయన బతికున్నడు బిడ్డా. బతికున్నోనికి దండ ఎట్లేస్త?" అంది నాతో.

పటం కింద ఇత్తడి రేకు మీద రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడని రాసి ఉందని సారు హిందీలో చెప్పాడు. నేను తెలుగులో మళ్లీ చెప్పాను. పెంటమ్మ తల అడ్డంగా ఊపి, దండ తీసుకెళ్లి సున్నం బకెట్టుకు చుట్టింది.

వానాకాలంలో గోడ చెమ్మ పట్టిందని మమ్మల్ని మళ్లీ పిలిచారు. మేం పనిలో ఉండగా ఒక ముసలి దొర హాల్లోకి వచ్చి, ఆ పటం ముందు నిలబడి పకపకా నవ్వాడు. ఎడమ కనుబొమ్మ మీది గాటు పటంలోనూ ఉంది, ఆయన ముఖం మీదా ఉంది. యుద్ధంలో శత్రువులకు చిక్కాడట, బడికి తప్పుడు కబురు అందిందట. ఆ తరువాత ఆయన ఈ ఊరి వైపే రాలేదట. సారే మాకు చెప్పాడు, పాలిపోయిన ముఖంతో.

నేను ఊరుకోలేదు. వాచ్‌మన్‌ను నిలదీశాను, మేస్త్రీని అడిగాను. ఆ దొర బతికున్నాడని బడిలో ఎవరికీ తెలియదు. పెంటమ్మకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఎవరో ముందే చెప్పి ఉంటారన్న నా అనుమానం ఎక్కడా నిలవలేదు.

అమ్మ ఇవేవీ అడగలేదు. ఇంటికి రాగానే పెట్టెలోంచి నాన్న ఫోటో తీసి, కొంగుచాటున పెట్టుకుని పెంటమ్మ గదికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాలనిపించింది. భయం వేసింది.

పెంటమ్మ గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతోంది.

"అవ్వా, ఈయనకు దండ వెయ్యాల్నా వద్దా? జర చూసి చెప్పు," అంది అమ్మ.

పెంటమ్మ ఫోటో వంక చాలాసేపు చూసింది.

"నా కండ్లు కనిపిస్తలేవు బిడ్డా," అంది. "లోపల పెట్టుకో."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసినవా, పోయిండని అనలే," అని నాతో అంటూ గదికి వెళ్లిపోయింది. తాను పోయేదాకా బొట్టు తియ్యలేదు. నాన్న కబురు ఏదీ రాలేదు.

పెంటమ్మ కూడా ఎప్పుడో పోయింది. ఆ దొర సంగతి ఆమెకెలా తెలిసిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. కానీ ఆ సాయంత్రం అమ్మ వెళ్లాక కాసేపు నేనొక్కదాన్నే అక్కడ నిలబడ్డాను. పెంటమ్మ నా వైపు చూడకుండా చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఆ మసక వెలుతురులో బియ్యంలోంచి రాళ్లు ఏరి పారేస్తోంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు.